నీరు పల్లమెరుగు

ఢిల్లీలో యమునకు తూర్పున, మయూర్ విహార్ మొదటి దశలో, డి.డి.ఏ. నిర్మించిన నాలుగంతస్తుల ఇళ్ల వరుసలు ఉన్నాయి. వాటిలో ఒకదాని మొదటి అంతస్తులో ముప్పయి అయిదేళ్లకు పైగా కాపురముంటున్న తెలుగు దంపతుల స్నానాలగది పైకప్పు మీద, 2024 మార్చిలో ఒక ఉదయం, అరచేతి వెడల్పున ఒక మరక కనిపించింది. ఉగాది నాటికి అది భోజనపు కంచమంత అయింది. ఏప్రిలు ముగిసేసరికి పైకప్పుకు వేసిన సున్నం ఉబ్బి, పెచ్చులుగా ఊడి, కింద ఉన్న బకెట్టులో రాలసాగింది. పక్కనున్న పడకగది గోడకు చెమ్మ ఎక్కి, బీరువా వెనుక నల్లని బూజు పట్టింది.

ఆ ఇంటాయన కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి విశ్రాంతి పొందిన ఉద్యోగి. 1979లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ ప్రకటించిన కొత్త రిజిస్ట్రేషను పథకంలో పేరు నమోదు చేసుకుని, తొమ్మిదేళ్లు ఎదురుచూచి, 1988లో తాళంచెవులు అందుకున్నారు. అందుచేత ఆ ఇంటి గోడ మీద గీత పడినా ఆయన మనస్సు చివుక్కుమంటుంది. అయితే ఈ మరక కలిగించిన బాధ వేరు. దానికి సరిగ్గా పైన ఉన్నది ముప్పయి అయిదేళ్ల స్నేహితుల ఇల్లు.

పైఇంటివారు పంజాబీలు. రెండు కుటుంబాలూ ఒకే నెలలో ఆ ఇళ్లలో దిగాయి. లోహ్‌డీ నాడు రేవడీలు, వేరుసెనగలు పైనుంచి కిందికి దిగేవి. ఉగాది నాడు పచ్చడి, పులిహోర కిందినుంచి పైకి ఎక్కేవి. పిల్లలు ఒకే బస్సులో బడికి వెళ్లారు. ఒకరింట పెళ్లి జరిగితే రెండవవారి గదులలో చుట్టాలు పడుకున్నారు. అన్నేళ్లలో ఆ మెట్ల మీద ఒక్కనాడు మాట పెరిగింది లేదు.

మరక కంచమంత అయిన తర్వాత ఇంటాయన పైకి వెళ్లి సంగతి చెప్పారు. పైఇంటాయన వెంటనే దిగివచ్చి, చూచి, విచారించి, మర్నాడే ప్లంబరును పిలిపించారు. అతడు నేలపలకల సందులలో తెల్లసిమెంటు నింపి వెళ్లాడు. పది రోజులు శాంతించి, మరక మళ్లీ తడిసింది. రెండవసారి వచ్చిన కాంట్రాక్టరు పలకల మీద బొటనవేలితో తట్టి చూచి, మొత్తం పగలగొట్టి వాటర్‌ప్రూఫింగ్ చేయించవలసిందే, లక్ష రూపాయలకు తగ్గదు అన్నాడు. మూడవవాడు లోపం నేలలో కాదు, గోడలోని పైపులో ఉన్నది అన్నాడు. ముగ్గురూ అనుభవజ్ఞులే, మూడు నిర్ణయాలు.

"ఎవరి మాట నమ్మి లక్ష పోయమంటారు? మా నేల పొడిగానే ఉన్నది. తప్పు మీ గోడలోనే ఉన్నదేమో!" అన్నారు పైఇంటాయన. "నీరు కిందినుంచి పైకి పాకుతుందా భాయీసాబ్?" అన్నారు కిందాయన. ఆ మాటలో ఉన్న వెటకారం ఆయన ఉద్దేశించినదానికంటె పెద్దదిగా వినిపించింది. మే నెల మధ్యకు వచ్చేసరికి ఆ ఇద్దరు పెద్దమనుషులూ మెట్ల మీద ఎదురైతే గోడవైపు చూస్తూ తప్పుకుంటున్నారు.

ఇటువంటి కలహాలు ఢిల్లీకి, దానిని ఆనుకుని ఉన్న నోయిడా, గాజియాబాద్, గుడ్‌గావ్, ఫరీదాబాద్‌లకు కొత్తవి కావు. అక్కడివారు గోడ చెమ్మను సీలన్ అంటారు. ఇల్లు వెతుక్కునేవాడు అద్దె ఎంత అని అడిగిన తర్వాత, సీలన్ ఉన్నదా అని పైకప్పు చూస్తాడు. వాటర్‌ప్రూఫింగ్ అనే మాట ఈనాడు అన్ని జ్వరాలకూ ఇచ్చే ఒకే మాత్ర వంటిదయింది. కాని నీరు ఇంట్లోకి వచ్చే దారులు అనేకం. ఆ మందు వాటిలో ఒక్క దారినే మూస్తుంది.

మొదటిది, నీటిని తెచ్చే పైపు. అందులో ఎల్లవేళలా ఒత్తిడి ఉంటుంది. గోడలో దాగిన చోట అది చిల్లుపడితే, ఎవరూ స్నానం చేయకపోయినా పగలూ రాత్రీ కారుతూనే ఉంటుంది. ఆ కాలపు ఇళ్లలో వేసిన గాల్వనైజ్డ్ ఇనుప పైపులు లోపలినుంచి తుప్పుపట్టి ఈ స్థితికి వస్తాయి. రెండవది, వాడిన నీటిని తీసుకుపోయే పైపు, దాని మొదట ఉండే నహానీ ట్రాపు. అవి వాడినప్పుడే కారుతాయి. మూడవది, నేల. పలకల సందులలోనుంచి, గోడ నేలను కలిసే మూలలలోనుంచి నీరు కిందికి ఇంకుతుంది. వాటర్‌ప్రూఫింగ్ మూయగలిగిన దారి ఇదే. నాలుగవది, బయటి గోడనుంచి, మిద్దెనుంచి దిగే వాన. ఢిల్లీలో దీనికి తోబుట్టువులు ఇద్దరున్నారు: కిటికీకి తగిలించిన కూలరు, ఏ.సి. గొట్టం. ఎండాకాలమంతా ఇవి గోడను తడుపుతుంటే, ఇంటివారు పైవారిని అనుమానిస్తారు. అయిదవది, బయటినుంచి రానేరాదు. జనవరి చలిలో తలుపులు బిగించి వేన్నీళ్ల స్నానం చేస్తే, ఆ ఆవిరి చల్లని పైకప్పు మీద చెమటలా పట్టి బూజుకు ప్రాణం పోస్తుంది. దానికి మందు ఒక చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను మాత్రమే.

దారి ఏదో తెలియకుండా పలకలు పగలగొట్టడం, రోగం ఏదో తెలియకుండా శస్త్రచికిత్సకు దిగడం వంటిది. మరక కనిపించే చోటు ఈ విషయంలో చాలా మోసం చేస్తుంది. చాలా ఇళ్లలో స్నానాలగది స్లాబును ఒక అడుగు వరకు దించి పోసి, ఆ గుంటలో పైపులు పరచి, ఇటుకముక్కలతో పూడ్చి, పైన నేల వేస్తారు. ఒక మూల కారిన నీరు ఆ పూడికలో చేరి, దాగిన చెరువులా నిలిచి, స్లాబులో బలహీనమైన చోటు ఎక్కడ దొరికితే అక్కడ కిందికి దిగుతుంది. అందుచేత మరక ఎక్కడ అన్న ప్రశ్నకంటె, ఎప్పుడు అన్న ప్రశ్న ఎక్కువ పనికివస్తుంది.

ఈ ప్రశ్న వేసినది ప్లంబర్లు కారు, ఇంటి ఇల్లాలు. ఆమె వంటింట్లో తెలుగు క్యాలెండరు ఒకటి వేలాడుతూ ఉంటుంది. పాలు తీసుకోని రోజులను, గ్యాసు బండ వచ్చిన తేదీని దాని మీదే గుర్తుపెట్టడం ఆమెకు నలభై ఏళ్ల అలవాటు. మే నెలలో ఆమె మరక అంచున పెన్సిలుతో గీత గీసి, క్యాలెండరు మీద తేదీ వేసింది. మరక గీత దాటితే కొత్త గీత, కొత్త తేదీ. చుక్కలు పడిన వేళలు కూడా రాసింది. నాలుగు వారాలకు ఆ కాగితం మాట్లాడసాగింది. చుక్కలు పడుతున్నది ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య. ఆదివారాలు మాత్రం మధ్యాహ్నానికి. అంటే, పైఇంటివారు స్నానాలు ముగించిన తర్వాత.

జూన్ 9న పైఇంటివారు మిద్దె మీది ట్యాంకు వాల్వు కట్టివేసి, బెంగుళూరులో ఉన్న కొడుకు దగ్గరకు వెళ్లారు. మరక పెరగడం ఆగింది. ఎండలు మండుతున్న రోజులు కావటంచేత మూడవ వారానికి అంచులు తెల్లబడ్డాయి. ఇంతలో జూన్ 28 తెల్లవారుజామున ఢిల్లీలో కుంభవృష్టి కురిసింది. సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రం ఇరవై నాలుగు గంటలలో 228.1 మిల్లీమీటర్లు నమోదు చేసింది. 1936 తర్వాత జూన్ నెలలో ఒక్కరోజున అంత వాన ఆ నగరం చూడలేదు. రోడ్లు కాలువలయ్యాయి, వంతెనల కింద వాహనాలు మునిగాయి. ఆ ఇల్లాలు మాత్రం ఉదయమే స్టూలెక్కి పైకప్పును చేత్తో తడిమి చూచింది. పొడిగా ఉన్నది. మర్నాడూ, ఆ మర్నాడూ పొడిగానే ఉన్నది.

"ఏమండీ, వాన నిర్దోషి," అన్నదామె భర్తతో. నిందితుల జాబితాలో ఒక పేరు కొట్టివేయటానికి అంతకంటె పెద్ద పరీక్ష ఎవరూ పెట్టలేరు. కాని ట్యాంకు వాల్వు కట్టి ఉన్నందువల్ల నీరు తెచ్చే పైపు మీద అనుమానం అలాగే ఉన్నది. వాడిన నీరు పోయే పైపు మీద, నేల మీద కూడా ఉన్నది. ముగ్గురు మిగిలారు.

జూలై 2న పైఇంటివారు తిరిగివచ్చారు. ఆ సాయంత్రం ఆమె భర్తతో చెప్పకుండా క్యాలెండరు మేకునుంచి తీసి, చేత పట్టుకుని మెట్లెక్కింది. ఫిర్యాదు చేయలేదు. గీతలూ తేదీలూ చూపించి, "ఇది మీ తప్పో మా తప్పో నాకు తెలియదు. ఎక్కడిదో తెలుసుకుందాం. తెలిసిన తర్వాత ఖర్చు సంగతి మాట్లాడుకోవచ్చు," అన్నది. పైఇంటావిడ ఆ కాగితాన్ని కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూచింది. "దీదీ, మా ఇంట్లో ఎవరు ఎన్నింటికి స్నానం చేస్తారో మాకంటె నీకే బాగా తెలుసు," అని నవ్వింది. రెండు నెలల తర్వాత ఆ రెండిళ్ల మధ్య వినిపించిన మొదటి నవ్వు అది.

మొదటి పరీక్ష నీరు తెచ్చే పైపుకు. రాత్రి పదింటికి ట్యాంకులోకి వచ్చే నీటిని ఆపి, ట్యాంకునుంచి ఇంట్లోకి వెళ్లే వాల్వు తెరిచే ఉంచి, లోపల నీటిమట్టం దగ్గర సుద్దతో గీత గీశారు. తెల్లవారేవరకు ఇంట్లో ఎవరూ కుళాయి విప్పలేదు. ఉదయం చూస్తే నీరు గీత మీదే ఉన్నది. పైపు నిర్దోషి అయింది. ట్యాంకు లేకుండా నేరుగా మీటరునుంచి నీరు వచ్చే ఇళ్లలో ఇదే పరీక్షను మీటరుతో చేయవచ్చు. కుళాయిలన్నీ కట్టిన తర్వాత కూడా మీటరు ముల్లు కదులుతూ ఉంటే, పైపు ఎక్కడో కారుతున్నట్లే.

రెండవ పరీక్షకు స్నానాలగదిని రెండు రోజులు వాడకుండా ఉంచాలి. ఇంట్లో ఉన్నది ఒకటే స్నానాలగది. "మా ఇంట్లో చేయండి," అన్నది కింది ఇల్లాలు. అలా జూలై మొదటి వారంలో రెండు రోజులపాటు పైఇంటివారు నలుగురూ తువ్వాళ్లు భుజాన వేసుకుని కిందికి దిగి, వరుసలో నిలబడి స్నానాలు చేశారు. మొదటి రోజు మగవారిద్దరూ ముభావంగానే ఉన్నారు. రెండవనాడు ఫిల్టరు కాఫీ తాగి వెళ్లమని ఇంటాయనే అడిగారు.

ఆ రెండు రోజులూ పైన నహానీ ట్రాపు మూతిని గుడ్డచుట్టిన బిరడాతో బిగించి, గడపకు ఇటుకలతో, తడిమట్టితో చిన్న గట్టు కట్టి, నేల మీద రెండంగుళాల నీరు నిలిపారు. ఆ నీటిలో బట్టలకు పెట్టే నీలిమందు కలిపారు. గోడమీద నీటిమట్టానికి పెన్సిలు గీత. పక్కనే ఒక గిన్నెలో నీళ్లుపోసి అందులోనూ గీత. జూలై వేడికి ఎంతోకొంత నీరు ఆవిరవుతుంది; గిన్నెలో తగ్గినంతే నేల మీదా తగ్గితే నేల గట్టిది, నేల మీద ఎక్కువ తగ్గితే అది తాగుతున్నట్లు. నలభై ఎనిమిది గంటల తర్వాత రెండు గీతలూ సమానంగానే దిగాయి. కింద పైకప్పు మీద నీలిరంగు జాడ లేదు. కాంట్రాక్టరు లక్ష రూపాయలకు పగలగొడతానన్న నేల నిర్దోషి అని తేలింది.

ఈ పరీక్షకు ముందు రెండు జాగ్రత్తలు అవసరం. కింది గది పైకప్పుకు దీపం గాని, ఫ్యాను గాని ఉంటే దాని విద్యుత్తును మెయిను దగ్గరే ఆపాలి. పైకప్పునుంచి కాంక్రీటు ముక్కలు రాలుతూ, చువ్వలు బయటపడి ఉంటే ఈ పరీక్ష చేయనే కూడదు. నిలిపిన నీరు కూడా బరువే.

ఇక మిగిలింది ట్రాపు. బిరడా తీసి నీలినీరు పోనిచ్చి, తర్వాత మిఠాయిలలో వేసే కేసరి రంగు కలిపిన బకెట్లు నాలుగు ఒకదాని తర్వాత ఒకటి దానిలో పోశారు. మూడవ గంటకు కింది బకెట్టులో టప్పున ఒక చుక్క పడింది. చూస్తే నారింజరంగు. పోతఇనుప ట్రాపు దాని పైపును కలిసే అతుకు తుప్పుపట్టి, సందు ఇచ్చింది. ట్రాపు చుట్టూ ఉన్న నాలుగు పలకలు మాత్రం తీయించి, దానిని మార్పించి, చుట్టూ గట్టిగా పూడ్పించి, మళ్లీ నీరు పోసి చూచిన తర్వాతే పలకలు వేయించారు. లక్ష రూపాయల శస్త్రచికిత్స ఒక దినం పనితో తీరిపోయింది. పైఇంటాయన ఖర్చు తానే పెట్టుకుని, కింది పైకప్పుకు సున్నం వేయిస్తానని కూడా అన్నారు.

కథ ఇక్కడ ముగిస్తే రెండిళ్లకూ గౌరవంగానే ఉండేది. కాని కేసరి చుక్క పడిన మర్నాడు అడుగు అంతస్తులో ఒంటరిగా ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయిని మెట్లెక్కి వచ్చారు. చాలాసేపు కుశలప్రశ్నలు వేసి, చివరకు మెల్లగా విషయం చెప్పారు. ఆమె స్నానాలగది పైకప్పు రెండేళ్లుగా చెమ్మగానే ఉంటున్నదట. ఈ రెండు మూడు రోజులలో మాత్రం ధారగా కారుతున్నదట. "పెద్దవారు, ఇన్నేళ్ల ఇరుగుపొరుగు. చెప్పటానికి మొగమాటపడ్డాను భాయీసాబ్," అన్నారామె.

ఆ రెండు రోజులూ మొదటి అంతస్తులో ఇద్దరికి బదులు ఆరుగురు స్నానాలు చేశారు. తమ పైకప్పు మీది మరకను నాలుగు నెలలు కొలిచిన ఇంట్లో, తమ నేల కింద రెండేళ్లుగా కారుతున్న నీటి సంగతి ఎవరికీ తెలియలేదు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని తెలుగు సామెత. కారే ఇంటివాడు తలెత్తి పైకి చూస్తాడు గాని, తన పాదాల కింద ఎవరి నెత్తి ఉన్నదో చూడడు. ఇంటాయన ఆ సాయంత్రం కింది ఇంటికి వెళ్లి, ఆ పైకప్పును చూచి, మాట లేక తిరిగివచ్చారు. మే నెలలో తానన్న మాట ఆయనకు గుర్తుకు వచ్చింది.

అవే పరీక్షలు ఈసారి తమ ఇంట్లో జరిగాయి. స్నానాలకు పైఇంటివారు పిలిచారు. ట్యాంకు గీత కదలలేదు. నేల మీద నిలిపిన నీలినీరు మాత్రం ఒక్క రాత్రిలో గిన్నెలోని గీతకంటె బాగా దిగిపోయింది. రెండవ రోజున ఉపాధ్యాయిని పైకప్పు మీద లేతనీలి వలయం కనిపించింది. 2009లో పాత మొజాయిక్ నేల మీదే కొత్త పలకలు అతికించారు; కింద నీటిని ఆపే పొర ఏదీ వేయలేదు. పలకకు నీరు అంటదు గాని, సందులలోని సిమెంటు నీరు పీలుస్తుంది. నేల గోడను కలిసే మూలలో సన్నని చీలిక ఏర్పడితే చాలు, ప్రతి స్నానమూ కింది పూడికను తడుపుతుంది.

వాటర్‌ప్రూఫింగ్ నిజంగా అవసరమైన సందర్భం ఇది. పైపులన్నీ నిర్దోషులని తేలి, ట్రాపు మూసి ఉండగా నిలిపిన నీరు నేలలోనుంచి కిందికి దిగితే, ఆ నేలకు ఆ వైద్యమే చేయాలి. పైపు బాగుచేసిన తర్వాత కూడా పూడిక వారాల తరబడి ఆరక, పలకలు తడితే డొల్లగా మోగుతూ, అనేకచోట్ల సందులు విచ్చుకుని ఉన్నా అదే మార్గం. మరేదో కారణాన నేలను ఎలాగూ పగలగొడుతున్నప్పుడు ఆ పని కూడా చేయించటం తెలివి. ఒక్క అతుకు కారినందుకు, బయటి గోడనుంచి వాన దిగినందుకు, శీతాకాలపు ఆవిరి పట్టినందుకు అది అవసరం లేదు. ఆవిరో కాదో అనుమానమైతే, మరక మీద జానెడు పాలిథిను కాగితాన్ని నాలుగంచులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచాలి. తడి కాగితానికి గదివైపు పడితే ఆవిరి. గోడవైపు పడితే లోపలినుంచి వస్తున్న నీరు.

ఆ ఇంట్లో పని అక్టోబరులో, వానలు వెనుదిరిగిన తర్వాత మొదలైంది. పలకలు, పాత నేల, తడిసిన ఇటుకముక్కలు అన్నీ స్లాబు వరకు తీసివేశారు. తర్వాత చాలా రోజులు ఏ పనీ చేయకుండా స్లాబును ఆరనిచ్చారు. తడి స్లాబు మీద పూసిన పొర నిలవదు. పొర వేయకముందే పాత ఇనుప పైపులు మార్పించారు. పొర వేసిన తర్వాత పైపు కోసం తవ్వితే చేసిన పనంతా వ్యర్థం. స్లాబులోనుంచి పైపులు దిగే చోట్ల కుంచించుకుపోని మసాలాతో పూడ్చారు. నేలా గోడా కలిసే మూలలను పదునుగా వదలక, సిమెంటుతో గుండ్రంగా తిప్పారు. ఆ తర్వాత పాలిమరు కలిసిన సిమెంటు పూతను ఒకటి ఆరిన తర్వాత ఒకటిగా, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పూశారు. పూతను గోడల మీదికి ఒక అడుగు వరకు, షవరు ఉన్న గోడకు మనిషి ఎత్తు వరకు ఎక్కించారు.

అన్నిటికంటె ముఖ్యమైన పని ఆ తర్వాతిది. పలకలు వేయకముందే ట్రాపు మూసి, నీరు నిలిపి, రెండు రోజులు వేచి, కిందికి వెళ్లి చూచారు. పలకలు వేసిన తర్వాత లోపం బయటపడితే మళ్లీ పగలగొట్టటం తప్ప మార్గం లేదు. మేస్త్రీ తొందరపెట్టినా ఇంటాయన అంగీకరించలేదు. రెండవనాటి సాయంత్రం ఉపాధ్యాయిని పైకప్పు పొడిగా ఉన్నదని చెప్పిన తర్వాతే, ట్రాపు వైపు వాలు ఉండేటట్లు నేల వేయించారు.

చూడటానికి వైద్యంలా ఉండి వైద్యం కాని పనులు రెండున్నాయి. సందులలో ఏటేటా తెల్లసిమెంటు నింపటం ఒకటి. కింది పైకప్పుకు లోపలివైపు ఏదో పూత పూసి మరక కనిపించకుండా చేయటం మరొకటి. రెండవది అపాయకరం కూడా. దారి మూసుకుపోయిన నీరు స్లాబులోనే నిలుస్తుంది.

నిలిచిన నీరు చేసే హాని సున్నంతో ఆగదు. కాంక్రీటు సహజంగా క్షారగుణం కలది. ఆ గుణమే లోపలి ఇనుప చువ్వలకు రక్ష. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు కాంక్రీటులోకి దిగి ఆ క్షారగుణాన్ని తగ్గిస్తుంది. అప్పుడు చెమ్మ తోడయితే చువ్వలు తుప్పుపడతాయి. తుప్పు తాను తిన్న ఇనుముకంటె రెండింతలు మొదలు ఆరింతల వరకు చోటు ఆక్రమించి, కాంక్రీటును లోపలినుంచి చీలుస్తుంది. గోధుమరంగు మరకలు, చువ్వల వెంట తిన్నని చీలికలు, తట్టితే డొల్ల శబ్దం కనిపిస్తే అది ప్లంబరుకు, మేస్త్రీకి చెందిన పని కాదు. స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. తుప్పు ఎంతపని చేయగలదో 2022 ఫిబ్రవరి 10న గుడ్‌గావ్ సెక్టారు 109లో దేశం చూచింది. చింటెల్స్ పారడైసో సముదాయంలో ఆరవ అంతస్తు గది నేల కూలి, ఒకదాని మీద ఒకటిగా కింది అంతస్తులను మొదటి అంతస్తు వరకు పడగొట్టింది. ఇద్దరు మహిళలు మరణించారు. కాంక్రీటులో ఉన్న క్లోరైడులవల్ల చువ్వలు శీఘ్రంగా తుప్పుపట్టాయని ఢిల్లీ ఐ.ఐ.టి. నిపుణులు ఆ ఏడాది నివేదించారు. అది స్నానాలగది చెమ్మ కథ కాదు. కాని పైకప్పు చూపే తుప్పు గుర్తులను సున్నంతో కప్పరాదన్న పాఠం దానిలో ఉన్నది.

కొత్తగా ఇల్లు కొన్నవారికి ఈ పరీక్షలవల్ల మరొక ఉపయోగం కూడా ఉన్నది. 2016 నాటి స్థిరాస్తి చట్టం 14వ సెక్షను ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన నాటినుంచి అయిదేళ్లలోపల నిర్మాణంలో గాని, పనితనంలో గాని లోపం బయటపడి, దానిని బిల్డరు దృష్టికి తెస్తే, అతడు ముప్పయి రోజులలో ఉచితంగా సరిచేయాలి. నోయిడా, గుడ్‌గావ్ ఎత్తయిన భవనాలలో చేరినవారు తేదీలు రాసుకున్న క్యాలెండరును, గీతలు గీసిన మరక ఫొటోలను భద్రపరిస్తే, మాటమీద మాట పెరగకుండా సాక్ష్యం మాట్లాడుతుంది.

మయూర్ విహార్ ఇంట్లో ఆ పనికి లక్ష రూపాయలు దాటింది. ఆ మొత్తం మార్చినుంచి పైవారి ఖాతాలో వేయాలని చూచినది. చివరకు తమ ఖాతాలోనే పడింది. ఇంటాయన అందుకు చింతించలేదు. ఉపాధ్యాయిని వద్దని ఎంత వారించినా ఆమె పైకప్పుకు సున్నం తానే వేయించారు.

2025 జనవరిలో వంటింటి మేకుకు కొత్త క్యాలెండరు వచ్చింది. పాలు తీసుకోని రోజులతోపాటు, ప్రతి నెల మొదటి ఆదివారం దగ్గర ఒక చిన్న గుర్తు ఉంటున్నది. ఆ రోజు ఉదయం స్నానం ముగించి, ఇంటాయన మెట్లు దిగుతారు. ఉపాధ్యాయిని తలుపు తీసి, "పొడిగానే ఉన్నది భాయీసాబ్, చూడనక్కరలేదు," అంటారు. అయినా ఆయన లోపలికి వెళ్లి, తలెత్తి, తన నేలను కిందినుంచి ఒకసారి చూచి వస్తారు.